భూమి, విశ్వాసం, విప్లవం: పెరూ మార్క్సిస్టు మరియాతెగి సంఘం ముందు ఉంచిన ప్రశ్న

ఉపోద్ఘాతం

మార్క్సిజం అనే మాట వినగానే మన సంఘాలలో సాధారణంగా రెండు రకాల స్పందనలు కనిపిస్తాయి. దేవుడు లేడనే సిద్ధాంతంతో మనకేమి పని అని కొందరు అంటారు. పేదల పక్షాన నిలిచింది వాళ్లే గదా, సంఘం ఏమి చేసింది అని మరికొందరు, ముఖ్యంగా యువ సేవకులు అడుగుతారు. ఈ రెండు స్పందనలలోనూ ఒక పొరపాటు ఉంది. యూరపులో పుట్టిన మార్క్సిజం వలస పాలన అనుభవించిన దేశాలలోనూ మార్పు లేకుండా అలాగే నిలిచిందని ఇద్దరూ అనుకుంటున్నారు. చరిత్ర చూస్తే అలా జరగలేదు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా ఖండాలలో ఆ ఆలోచనను అందుకున్నవారు దానిని తమ నేలకు, తమ ప్రజలకు తగినట్లు తిరిగి ఆలోచించవలసి వచ్చింది. అలా ఆలోచించినప్పుడు భూమి ప్రశ్న, జాతి ప్రశ్న, మతం ప్రశ్న వారికి కొత్తగా ఎదురయ్యాయి.

ఈ వ్యాసంలో మేము అటువంటి ఆలోచనాపరులలో ఒకరైన పెరూ దేశస్థుడు జోసే కార్లోస్ మరియాతెగి (1894–1930) జీవితాన్ని, రచనలను పరిశీలిస్తున్నాం. ఆయననే ఎంచుకోవడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది, మతాన్ని ఆయన తేలికగా కొట్టివేయలేదు. రెండవది, మన సెమినరీలలో పాఠ్యాంశంగా ఉన్న విమోచన దైవశాస్త్రం ఆయన పుట్టిన దేశంలోనే రూపు దిద్దుకుంది. మూడవది, ఆయన పేరు చెప్పుకొనే ఒక సాయుధ పార్టీ ఆ దేశంలో వేలాది మంది పేదలను చంపింది. ఈ మూడింటినీ కలిపి చూస్తే గానీ కాపరులుగా మనం నేర్చుకోవలసినది తెలియదు.

1. వలస దేశాలకు మార్క్సు ఆలోచన చేరిన విధం

కార్ల్ మార్క్సు (1818–1883) ప్రధానంగా ఇంగ్లండు ఫ్యాక్టరీలను, అక్కడి కూలీలను దృష్టిలో పెట్టుకొని రాశాడు. కానీ వలస దేశాలలో ఫ్యాక్టరీలు తక్కువ, పొలాలు ఎక్కువ. దోపిడీ చేసేవాడు యజమాని మాత్రమే కాదు, పరదేశి పాలకుడు కూడా. కాబట్టి ఈ దేశాలలో విప్లవానికి ముందు నిలిచేది ఎవరు అనే ప్రశ్న మొదటినుండీ ఉంది. 1920లో మాస్కోలో జరిగిన కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ రెండవ మహాసభలో మన దేశస్థుడు ఎం.ఎన్. రాయ్ (1887–1954) ఈ విషయంపైనే లెనిన్‌తో చర్చించాడు. వలస దేశాల గురించి లెనిన్ రాసిన ప్రతిపాదనలతో పాటు రాయ్ రాసిన అనుబంధ ప్రతిపాదనలను కూడా ఆ సభ ఆమోదించింది. అంతకు ముందు 1919లో మెక్సికోలో కమ్యూనిస్టు పార్టీ స్థాపనలో కూడా రాయ్ పాత్ర ఉంది. భారతదేశానికీ లాటిన్ అమెరికాకూ మధ్య ఈ చర్చలో తొలినాటినుండే సంబంధం ఉందని గమనించాలి.

తరువాతి తరంలో కరీబియన్ దీవులలో పుట్టి అల్జీరియా పోరాటంలో పనిచేసిన వైద్యుడు ఫ్రాంజ్ ఫానన్ (1925–1961), వలస ప్రాంతాలను అర్థం చేసుకోవాలంటే మార్క్సిస్టు విశ్లేషణను కొంత సాగదీయాలని వాదించాడు. వలస దేశంలో ఒకడు ధనికుడా పేదా అనేది అతని జాతిని బట్టే నిర్ణయమౌతుందని ఆయన చూపించాడు. గినీ బిస్సావు, కేప్ వెర్దె దేశాల విమోచనకు నాయకత్వం వహించిన వ్యవసాయ శాస్త్రజ్ఞుడు అమిల్కార్ కబ్రాల్ (1924–1973), వర్గాలు ఏర్పడక ముందు జీవించిన ప్రజలకు చరిత్ర లేదా అని 1966లో హవానా సభలో ప్రశ్నించాడు. వీరిద్దరికీ ఒక తరం ముందే ఇదే దారిలో నడిచినవాడు మరియాతెగి.

2. మరియాతెగి జీవితం

మరియాతెగి 1894 జూన్ 14న పెరూ దక్షిణ ప్రాంతంలోని మొకేగ్వాలో జన్మించాడు. తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్లిపోయాడు. తల్లి మరియా అమాలియా లా చీరా కుట్టుపని చేసి పిల్లలను పోషించింది. ఆమె భక్తిగల కథోలిక స్త్రీ. 1902లో, ఎనిమిదేళ్ల వయసులో, బడిలో తగిలిన దెబ్బవల్ల ఆయన ఎడమ కాలు దెబ్బతింది. లీమా నగరంలో నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తరువాత చదువు బడిలో సాగలేదు. మంచం మీద పడుకొని చదువుకున్నదే ఆయన విద్య. 1909లో ఒక దినపత్రిక కార్యాలయంలో కాగితాలు మోసే కుర్రవాడుగా చేరి, కొద్ది కాలంలోనే రచయితగా ఎదిగాడు.

ఆయన యౌవనంలో రాసిన రచనలలో మతభావం స్పష్టంగా కనిపిస్తుంది. లీమాలో ప్రతి అక్టోబరులో జరిగే 'అద్భుతాల ప్రభువు' ఊరేగింపును వర్ణిస్తూ 1917లో రాసిన వ్యాసానికి నగర పురపాలక సంఘం బహుమతి లభించింది. తరువాత ఆయన సంఘానికి దూరమైనా, సామాన్యుల భక్తిని అపహసించే అలవాటు ఆయనకు ఎన్నడూ రాలేదు.

1919లో ఆయన నడిపిన పత్రిక కార్మికుల సమ్మెలను, విశ్వవిద్యాలయ సంస్కరణను సమర్థించింది. ప్రెసిడెంట్ లెగియా ప్రభుత్వం ఆయనను ఖర్చులిచ్చి యూరపుకు పంపింది. పేరుకు ఉద్యోగమే గానీ అది ఒక విధమైన దేశ బహిష్కరణ. ఎక్కువ కాలం ఇటలీలో గడిపి, 1921 జనవరిలో లివోర్నోలో ఇటలీ కమ్యూనిస్టు పార్టీ ఆవిర్భవించిన సభను పత్రికా రచయితగా చూశాడు. ఆ దేశస్థురాలైన అన్నా క్యాప్పెను వివాహమాడి 1923 మార్చిలో స్వదేశానికి తిరిగి వచ్చాడు.

1924లో పాత జబ్బు తిరగబెట్టి, అంతవరకు బాగున్న కుడి కాలును మోకాలి పైవరకు తొలగించవలసి వచ్చింది. అప్పటినుండి మరణం వరకు చక్రాల కుర్చీలోనే జీవితం. ఆయన గొప్ప పని అంతా ఈ ఆరేళ్లలోనే జరిగింది. 1926 సెప్టెంబరులో 'అమౌత' అనే పత్రికను స్థాపించాడు. క్వెచువా భాషలో ఈ మాటకు జ్ఞానియైన బోధకుడు అని అర్థం. 1928లో 'పెరూ వాస్తవికతపై ఏడు వ్యాఖ్యాన వ్యాసాలు' అనే గ్రంథం వెలువడింది. అదే సంవత్సరం అక్టోబరులో పెరూ సోషలిస్టు పార్టీని, 1929లో కార్మిక సంఘాల సమాఖ్యను నెలకొల్పడంలో ముందున్నాడు. 1930 ఏప్రిల్ 16న, 35 ఏళ్ల వయసులో, లీమాలో మరణించాడు.

3. 'ఇండియన్ సమస్య' భూమి సమస్యే

మరియాతెగి వాదాన్ని అర్థం చేసుకోవడానికి పెరూ చరిత్రను కొంత తెలుసుకోవాలి. 1532లో పిజారో నాయకత్వాన స్పెయిన్ సైనికులు ఇంకా చక్రవర్తి అతవాల్పాను కజమార్కాలో బంధించారు. సన్యాసి వల్వెర్దె గ్రంథం చేతపట్టుకొని చక్రవర్తి ఎదుట నిలబడ్డాడు. ఆ గ్రంథాన్ని చక్రవర్తి నేలకు విసరడం దాడికి సాకుగా మారింది. సువార్త, ఖడ్గం ఒకే రోజున ఒకే మైదానంలో అడుగుపెట్టిన ఆ సంఘటనను లాటిన్ అమెరికా క్రైస్తవులు నేటికీ మరువలేదు. ఆ తరువాత మూలవాసులు స్పెయిన్ దొరలకు అప్పగించబడ్డారు. వంతుల ప్రకారం పొతోసి వెండి గనులలో పని చేయడం తప్పనిసరి అయింది.

1821లో స్వాతంత్య్రం ప్రకటించబడింది. కానీ మూలవాసుల స్థితి మెరుగుపడలేదు. వారి గ్రామ సమాజం పేరు అయిల్యు. భూమి సమాజానిది, సాగు కుటుంబానిది, పనిలో ఒకరికొకరు సాయం చేసుకోవడం ఆచారం. కొత్త గణతంత్రం ఉమ్మడి భూమిని వ్యక్తులకు పంచి, అమ్ముకునే వీలు కల్పించింది. కాగితం మీద అది స్వేచ్ఛ. వాస్తవంలో పక్కనున్న భూస్వామి ఆ పొలాలను ఒక్కొక్కటిగా మింగివేశాడు. 1920లో లెగియా ప్రభుత్వం తెచ్చిన రోడ్ల చట్టం ప్రకారం పురుషులు ఏటా కొన్ని రోజులు రోడ్డు పని ఉచితంగా చేయాలి. అది అందరికీ వర్తించే చట్టమే అయినా ఆ బరువు కొండలలోని మూలవాసుల మీదనే పడింది. మన ప్రాంతంలో వెట్టిచాకిరి అంటే ఏమిటో ఎరిగినవారికి దీనిని వివరించనక్కరలేదు.

ఈ సమస్యకు అప్పటి మేధావులు రకరకాల పరిష్కారాలు చెప్పేవారు. చదువు నేర్పితే బాగుపడతారని కొందరు, జాతి కలయిక వల్ల మెరుగౌతారని కొందరు, మంచి చట్టాలు కావాలని కొందరు, మత బోధ కావాలని కొందరు అన్నారు. 1909లో ఏర్పడిన మూలవాసుల హక్కుల సంఘం ధనికుల మనస్సాక్షికి విజ్ఞప్తులు చేసింది. మరియాతెగి వీరి చిత్తశుద్ధిని గౌరవించాడు గానీ, వారంతా ముఖ్యమైన దానిని వదిలివేశారని వాదించాడు. ఆయన దృష్టిలో మూలవాసి దుస్థితికి మూలం భూమి ఎవరి చేతిలో ఉంది అనే విషయమే. కొండ ప్రాంతపు భూస్వామి వ్యవస్థ పొలాలను మాత్రమే కాక పోలీసును, న్యాయాధికారిని, బడిని, చివరకు పూజారిని కూడా తన గుప్పిట్లో పెట్టుకుంది. అటువంటప్పుడు మంచి చట్టం ఊరి పొలిమేర దాటి లోపలికి రాదు.

ఆయన చెప్పిన మరొక విషయం అప్పటి కమ్యూనిస్టులకే నచ్చలేదు. అయిల్యులో మిగిలిన పరస్పర సహాయం, ఉమ్మడి జీవితం రేపటి సమాజానికి పునాది కాగలవని ఆయన నమ్మాడు. పెరూలో సోషలిజం యూరపుకు నకలు కారాదనీ, ఆ ప్రజల జీవితంలోనుండి, వారి భాషలోనుండి పుట్టాలనీ 1928లో 'అమౌత' సంపాదకీయంలో రాశాడు. 1929 జూన్‌లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన లాటిన్ అమెరికా కమ్యూనిస్టుల సమావేశానికి ఆరోగ్యం అనుమతించక వెళ్లలేకపోయాడు. పంపిన పత్రాలను మిత్రులు సమర్పించారు. క్వెచువా, అయ్మారా ప్రజలకు వేరే రాజ్యం ఏర్పరచాలన్న ఆలోచన అక్కడ ముందుకు రాగా, మరియాతెగి పక్షం అంగీకరించలేదు. భూమి సంబంధాలు మారకుండా సరిహద్దు గీసినందువల్ల బానిసత్వం పోదని వారి వాదన.

ఆయన లోపాలను కూడా మనం చెప్పుకోవాలి. ఇంకా రాజ్యాన్ని ఆయన ఒక విధమైన కమ్యూనిజంగా చిత్రించాడు. దాని నిరంకుశత్వాన్ని ఆయన ఒప్పుకున్నప్పటికీ, ఆ చిత్రణలో ఆదర్శీకరణ ఉందని తరువాతి చరిత్రకారులు చూపించారు. అంతకంటే బాధ కలిగించేది, పెరూలోని నల్లజాతివారి గురించీ చైనా కూలీల గురించీ అదే గ్రంథంలో ఆయన చులకనగా రాసిన మాటలు. ఒక పీడిత జనం పక్షాన నిలిచినవాడు మరొక పీడిత జనాన్ని చూడలేకపోవచ్చునని ఇది మనకు హెచ్చరిక.

4. మతంపై మరియాతెగి

'ఏడు వ్యాసాలు' గ్రంథంలో అయిదవది పూర్తిగా మతానికి సంబంధించినది. మతమంటే గుడి, ఆచారం, పూజారి మాత్రమేనని భావించి విమర్శించే పాతకాలపు పద్ధతికి కాలం చెల్లిందని దాని ప్రారంభంలోనే ఆయన స్పష్టం చేస్తాడు. ఇంకా రాజుల మతం రాజ్యంతో ముడిపడి ఉన్నది గనుక రాజ్యంతోపాటే కూలిపోయిందనీ, కొండలను, నేలతల్లిని కొలిచే సామాన్యుల విశ్వాసం మాత్రం కథోలిక పండుగల కింద బ్రతికే ఉందనీ వివరించాడు. వలస కాలపు సంఘం భూస్వామ్యంతో చేతులు కలిపిందని విమర్శిస్తూనే, మూలవాసులకోసం వాదించిన బార్తొలొమె దె లాస్ కాసాస్ (1484–1566) వంటి సన్యాసులను గౌరవంతో స్మరించాడు. విప్లవకారులను కదిలించే శక్తి లెక్కల పుస్తకాలలో లేదనీ, అది విశ్వాసం వంటిదనీ 1925లో మరొక వ్యాసంలో రాశాడు. ఈ మాట ఆయన తోటి మార్క్సిస్టులకు మింగుడుపడలేదు.

1923 మేలో జరిగిన ఒక సంఘటన ఆయన వైఖరిని మరింత స్పష్టం చేస్తుంది. ప్రెసిడెంట్ లెగియా, ఆర్చిబిషప్ లిస్సోన్ కలిసి పెరూ దేశాన్ని యేసు తిరుహృదయానికి ప్రతిష్ఠించాలని నిర్ణయించారు. ప్రభుత్వం తన బలం పెంచుకోవడానికే ఇది చేస్తోందని విద్యార్థులు, కార్మికులు మే 23న లీమాలో పెద్ద ఊరేగింపు తీశారు. కాల్పులలో ఒక విద్యార్థి, ఒక కార్మికుడు మరణించారు. ప్రతిష్ఠ కార్యక్రమం ఆగిపోయింది. అప్పుడే యూరపునుండి వచ్చిన మరియాతెగి ఆ నిరసనలో పాల్గొనలేదు. మతగురువులను ఎదిరించడమే విప్లవమనుకునే ధోరణి ఆయనకు సమ్మతం కాదు.

ఆ నిరసనకు నాయకుడైన విక్టర్ రౌల్ అయా దె లా తొర్రె అప్పట్లో ఒక ప్రొటెస్టెంట్ మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆ పాఠశాలను లీమాలో 1917లో స్థాపించినవాడు స్కాట్లండు మిషనరీ జాన్ మెకై. పోలీసులు వెదకుతున్న రోజులలో మెకై అతనికి తన ఇంట ఆశ్రయమిచ్చాడు. మెకై తరువాతి కాలంలో ప్రిన్స్‌టన్ సెమినరీకి అధ్యక్షుడై 1936 నుండి 1959 వరకు సేవచేశాడు. 1932లో ఆయన ప్రచురించిన స్పెయిన్ క్రీస్తును గూర్చిన గ్రంథం లాటిన్ అమెరికా క్రైస్తవ్యాన్ని అధ్యయనం చేసేవారికి నేటికీ అవసరమే.

ప్రొటెస్టెంట్ మిషన్ల గురించి మరియాతెగి చేసిన పరిశీలన మనకు సూటిగా తగులుతుంది. లాటిన్ అమెరికాలో ప్రొటెస్టెంట్ మతం తన ఆత్మీయ బలం వల్ల గాక బడులు, వైద్యం వంటి సేవల వల్ల లోపలికి వస్తోందని ఆయన అభిప్రాయపడ్డాడు. మిషన్ల వెనుక అమెరికా పెట్టుబడి వస్తుందనే అనుమానం సామ్రాజ్యవాద వ్యతిరేకులలో ఉందని కూడా పేర్కొన్నాడు. తెలుగు సంఘ చరిత్రలోనూ ఈ ప్రశ్న ఉంది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగం గుత్తకు తీసుకొని మాదిగలకు కూలి కల్పించాడు. కూలికోసం చేరుతున్నారన్న మాట రాకుండా కరవు కాలమంతా బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. సేవను, విశ్వాసాన్ని విడదీసి చూడగలమా అంటే ఆ ప్రజల అనుభవంలో అవి విడిగా లేవు. కూలి ఇచ్చిన చోటనే వారికి మనుషులుగా గౌరవం కూడా దొరికింది. మరియాతెగి ఈ కోణాన్ని తగినంతగా చూడలేదని మా అభిప్రాయం. 1930 తరువాత లాటిన్ అమెరికాలో పెంతెకొస్తు సంఘాల పెరుగుదల కూడా ఆయన అంచనాకు భిన్నంగానే జరిగింది. పేదలు తమ భాషలో, తమ పాటలతో, తమ నాయకులతో ఆ సంఘాలను నిర్మించుకున్నారు.

5. మరియాతెగినుండి గుటిరెజ్ వరకు

మరియాతెగి చక్రాల కుర్చీలో కూర్చొని తన గ్రంథాన్ని పూర్తిచేస్తున్న 1928లోనే, జూన్ 8న, అదే లీమా నగరంలో గుస్తావో గుటిరెజ్ జన్మించాడు. క్వెచువా రక్తసంబంధం గల కుటుంబం. ఎముకల జబ్బు వల్ల ఈయన కూడా కౌమారంలో ఏళ్ల తరబడి చక్రాల కుర్చీలో గడిపాడు. 1959లో గురుపట్టాభిషేకం పొంది, లీమాలోని రీమాక్ అనే పేదల పేటలో సేవచేశాడు. 1968 జూలైలో చింబోతె రేవు పట్టణంలో చేసిన ప్రసంగంలో విమోచన దైవశాస్త్రం అనే భావనను ముందుంచాడు. కొద్ది వారాలకే మెదెయీన్ నగరంలో లాటిన్ అమెరికా బిషప్పుల మహాసభ జరిగి, పేదల పక్షాన సంఘం నిలవాలన్న పిలుపు వెలువడింది. 1971లో గుటిరెజ్ గ్రంథం ప్రచురితమైంది. ఆయన 2024 అక్టోబరు 22న, 96 ఏళ్ల వయసులో, లీమాలోనే ప్రభునందు నిద్రించాడు.

1971 నాటి గ్రంథంలో గుటిరెజ్ మరియాతెగిని ప్రస్తావించి, సొంత నేలనుండి పుట్టిన ఆలోచన అవసరాన్ని ఆయన దగ్గర గుర్తించాడు. కానీ ఇద్దరూ ఒకే మాట చెప్పలేదు. గుటిరెజ్ ప్రకారం విమోచనకు మూడు స్థాయిలున్నాయి: అన్యాయమైన వ్యవస్థలనుండి విడుదల, మనిషి తన చరిత్రకు తానే బాధ్యుడు కావడం, పాపమునుండి విడుదల. మూడవది లేకుండా మొదటి రెండూ సంపూర్ణం కావు. మరియాతెగి మొదటి రెండింటి దగ్గర ఆగాడు. మన సంఘాలు చాలాసార్లు మూడవదానితోనే ఆగిపోతున్నాయి. లేవీయకాండము 25వ అధ్యాయం చదివినవారు, నాబోతు ద్రాక్షతోట వృత్తాంతం బోధించినవారు ఈ మూడింటినీ విడదీయలేరు.

విమోచన దైవశాస్త్రం మార్క్సిజానికి క్రైస్తవ ముసుగు మాత్రమేనన్న ఆరోపణ వచ్చింది. 1984లో వాటికన్ వెలువరించిన పత్రం మార్క్సిస్టు భావాలను విమర్శ లేకుండా స్వీకరించే ధోరణులను హెచ్చరించింది. 1986 నాటి రెండవ పత్రం క్రైస్తవ స్వేచ్ఛను, విమోచనను సానుకూలంగా వివరించింది. సమాజాన్ని అర్థం చేసుకోవడానికి సాంఘిక శాస్త్రాలను వాడుకున్నాం గానీ, విశ్వాసానికి మూలం వాక్యము, పేదల ప్రార్థనా జీవితమేనని గుటిరెజ్ బదులు చెప్పాడు. లాస్ కాసాస్‌ను గూర్చి ఆయన రాసిన పెద్ద గ్రంథం ఈ జవాబుకు సాక్ష్యం.

6. పేరు నిలిచి దారి తప్పినప్పుడు

1969 జూన్ 24న సైనిక పాలకుడు జనరల్ వెలాస్కో ప్రభుత్వం భూసంస్కరణ చట్టం ప్రకటించింది. పెద్ద ఎస్టేట్లు రద్దయ్యాయి. మరియాతెగి ఎదిరించిన భూస్వామి వ్యవస్థ చాలావరకు కూలింది. అయితే భూమి పై అధికారులు నడిపే సహకార సంఘాల చేతికి వెళ్లింది. అనేక అయిల్యులకు ఆశించినది దక్కలేదు. ఆ అసంతృప్తి మిగిలిన చోట, అయకూచో విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించే అబిమాయెల్ గుజ్‌మాన్ ఒక సాయుధ పార్టీని నిర్మించాడు. 'వెలుగు దారి' అన్న అర్థమిచ్చే దాని పేరు మరియాతెగితో ముడిపెట్టుకున్నదే. 1980 మే 17న చూస్చి గ్రామంలో ఓటు పెట్టెలను తగులబెట్టి యుద్ధం ప్రారంభించింది. తనకు ఎదురుతిరిగిన గ్రామస్థులను అది చంపింది. 1983 ఏప్రిల్ 3న లుకానమార్కా ప్రాంతంలో 69 మందిని హతమార్చింది. వారిలో పిల్లలు కూడా ఉన్నారు.

పెరూ సత్య, సమాధాన కమిషన్ 2003 ఆగస్టు 28న తన నివేదిక సమర్పించింది. 1980 నుండి 2000 వరకు చనిపోయినవారు, అదృశ్యమైనవారు సుమారు 69,280 మంది అని అంచనా వేసింది. తన దృష్టికి వచ్చిన మరణాలలో 54 శాతానికి వెలుగు దారి పార్టీని బాధ్యురాలిగా తేల్చింది. ప్రభుత్వ బలగాలు కూడా ఘోర నేరాలకు పాల్పడ్డాయని రుజువు చేసింది. మృతులలో నాలుగింట మూడు వంతుల మందికి క్వెచువా గాని మరొక మూలవాసి భాష గాని మాతృభాష. ఎవరి పేరిట విప్లవమో, ఎవరి రక్షణ పేరిట సైన్యమో, చనిపోయినవారు వారే.

సంఘం మీద కూడా ఈ మంట పడింది. 1984 ఆగస్టు 1న వాంతా పట్టణానికి దగ్గరలోని కాల్కీ గ్రామంలో ఒక ప్రెస్బిటేరియన్ సంఘం ఆరాధనలో ఉండగా నౌకాదళ సైనికులు వచ్చి ఆరుగురు విశ్వాసులను బయటికి పిలిచి కాల్చి చంపారు. లోపలివారు కీర్తనలు పాడుతూనే ఉండాలని ఆజ్ఞాపించారు. తిరుగుబాటుదారులు మరోవైపు కాపరులను, విశ్వాసులను అనేకచోట్ల చంపారు. ఇరుపక్షాల తుపాకుల మధ్య చిక్కుకున్న సువార్తిక సంఘాలు, తాము రాజకీయాలకు దూరమని ఇక చెప్పలేకపోయాయి. వారి జాతీయ సమాఖ్య 'శాంతి, నిరీక్షణ' అనే విభాగాన్ని ఏర్పరచి అనాథలకు, విధవలకు సహాయం చేసింది. కాల్కీ హత్యలపై న్యాయం కోసం బహిరంగంగా అడిగింది. మరోవైపు అయకూచో ప్రాంతంలో కొందరు కథోలిక సంఘాధికారులు మానవ హక్కుల విషయంలో మౌనం వహించారని కమిషన్ విమర్శించింది.

మరియాతెగి ప్రజల జీవితంలోనుండి సిద్ధాంతం పుట్టాలన్నాడు. గుజ్‌మాన్ సిద్ధాంతానికి లొంగని ప్రజలను శత్రువులన్నాడు. ఇద్దరి మధ్య తేడా ఇక్కడే ఉంది. అయితే ఈ పతనానికి మరియాతెగి ఆలోచనకు ఏ సంబంధమూ లేదని కొట్టివేయడం కూడా తేలిక మార్గమే. విప్లవాన్ని విశ్వాసం వంటి శక్తిగా ఆయన చూశాడు. ఆ విశ్వాసానికి తీర్పు తీర్చే వాక్యము గాని, దాని పాపాన్ని ఒప్పుకొనే చోటు గాని ఆయన చూపలేదు. దేవుని స్థానంలో చరిత్రను నిలిపినప్పుడు, చరిత్ర పేరిట మాట్లాడేవానిని ఆపేదెవరు? మన సంఘ చరిత్రలో కూడా దేవుని పేరిట ఇదే జరిగింది గనుక ఈ ప్రశ్నను మనం వినయంగానే అడగాలి. కజమార్కాలో గ్రంథం పట్టుకున్నవాడు సన్యాసియే.

7. తెలుగు సంఘానికి

లాటిన్ అమెరికా ఆలోచన మన దేశానికి వచ్చినప్పుడు, మరియాతెగి యూరపు మార్క్సిజాన్ని అడిగిన ప్రశ్ననే మనవారు విమోచన దైవశాస్త్రాన్ని అడిగారు. 1981లో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో చేసిన ప్రసంగంలో అరవింద్ పి. నిర్మల్ దళిత దైవశాస్త్రానికి దారి వేశాడు. వర్గాన్ని మాత్రమే చూసే విశ్లేషణ భారతదేశంలో కులాన్ని వదిలివేస్తుందని ఆయన విమర్శ. అయిదేళ్లు తిరగకముందే 1985 జూలై 17న కారంచేడులో, తరువాత 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులపై హత్యాకాండలు జరిగాయి. బాధితులలో మన సంఘాల సభ్యులు ఉన్నారు. కులం పైపొర మాత్రమేనని, భూమి పంచితే అదే పోతుందని నమ్మిన తెలుగు మార్క్సిస్టులు తమ వాదాన్ని తిరిగి చూసుకోవలసి వచ్చింది. కులాన్ని గూర్చి మౌనంగా ఉన్న సంఘాలు కూడా తిరిగి చూసుకోవలసి వచ్చింది.

అలాగని భూమి ప్రశ్న తీరిపోలేదు. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం, 1973 నాటి భూపరిమితి చట్టం తరువాత కూడా మన పల్లె సంఘాల విశ్వాసులలో ఎక్కువమంది పరుల పొలంలో కూలికి వెళ్లేవారే. కాపరి ఆదివారం కానుకలు లెక్కించేటప్పుడు ఆ నాణేలు ఏ పొలంలో సంపాదించినవో, ఏ రేటుకు సంపాదించినవో తెలుసుకుంటే ప్రసంగంలో మార్పు వస్తుంది. ఇంకొకటి ఉంది. మిషనరీలు విడిచివెళ్లిన స్థలాలు, ఆసుపత్రి ఆవరణలు, బడి మైదానాలు సంఘం చేతిలో ఉన్నాయి. అవి అమ్ముడైనప్పుడు, కోర్టులలో నలిగినప్పుడు, వాటిపై పేద విశ్వాసికి మాట చెప్పే హక్కు ఉందా? భూమి ఎవరిది అన్న ప్రశ్నను భూస్వామిని అడిగే ముందు సంఘం తనను తాను అడగాలి.

ముగింపు

మరియాతెగిని మేము ఇక్కడ ఆదర్శ పురుషునిగా చూపలేదు. ఆయన క్రైస్తవుడుగా మరణించలేదు, ఆయన మాటలన్నీ నిలబడలేదు. కానీ తన ప్రజల దుస్థితికి కారణం వారి అజ్ఞానమో, వారి జాతియో, వారి మతమో కాదని, వారి చేతిలోనుండి లాక్కోబడిన భూమి అని ఆయన 1928లో నిర్భయంగా రాశాడు. ఆ మాట విని గుటిరెజ్ వాక్యాన్ని మళ్లీ తెరిచాడు. ఆ మాటను వక్రంగా విని గుజ్‌మాన్ తుపాకీ పట్టాడు. కాల్కీ విశ్వాసులు ఇద్దరినీ చదవలేదు. వారు ఆరాధనలో ఉన్నారు. వారి మరణానంతరం న్యాయం అడిగిన సంఘం ఆ అడగడాన్ని కూడా ఆరాధనలో భాగంగానే నేర్చుకుంది. వేదాంత విద్యార్థులు ఈ చరిత్రను పరీక్షకోసం మాత్రమే గాక, తాము రేపు సేవచేయబోయే ఊరిలో పొలం ఎవరి పేరున ఉందో తెలుసుకోవడం కోసం కూడా చదవాలని మా మనవి.